కుదించిన కథలో మిగలాల్సింది



మాస్టారి స్మృతిలో ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు, ఏ విషయం మీద మాట్లాడమంటారని అడిగాను. మీ ఇష్టం అన్నారు నిర్వాహకులు. మాస్టారు ముప్ఫై ఏళ్ళ పైచిలుకు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పారు. వారానికొక్క పీరియడు, శనివారం ఆఖరి గంట, పాఠం పక్కన పెట్టి పిల్లలకు నవల చెప్పారు. రాబిన్సన్ క్రూసో, ట్రెజర్ ఐలండ్, జూల్స్ వెర్న్ సముద్రయాత్రలు, మార్క్ ట్వేన్ నది కథలు మేమంతా మొదట ఆయన నోటి నుంచే విన్నాం. ఆ నవలల్ని పిల్లల కొలతకు కుదించి చెప్పే పని గురించి తప్ప ఈ వేదిక మీద మరొకటి మాట్లాడటం నాకు సబబనిపించలేదు.

ముందు ఒక తరగతి గది సంగతి చెబుతాను.

మాకు తొమ్మిదో తరగతిలో క్రూసో నవల సంక్షిప్తం నాన్-డిటెయిల్‌గా ఉండేది. పల్చటి పుస్తకం. వెనక ప్రశ్నలు, కఠిన పదాలకు అర్థాలు. ఒక శనివారం మాస్టారు బల్ల మీద రెండు పుస్తకాలు పెట్టారు. ఒకటి మా చేతుల్లో ఉన్నదే. రెండోది అట్ట ఊడిపోయి, దారంతో కుట్టుకున్న లావుపాటి పుస్తకం. "మీ పుస్తకంలో క్రూసో కుండలో కూర వండుకున్నాడు. దీవిలో ఒంటరివాడికి కుండ ఎక్కడిదిరా?" అనడిగారు. ఎవరం చెప్పలేకపోయాం. మా పుస్తకంలో ఆ సంగతి లేదు.

అప్పుడాయన లావు పుస్తకం తెరిచి, చూస్తూ చెప్పారు. క్రూసో బంకమట్టి కోసం వెతికాడు. తవ్వాడు, పిసికాడు, మోసుకొచ్చాడు. చేసిన పాత్రలు కొన్ని లోపలికి కుంగిపోయాయి, కొన్ని బయటికి ఒరిగిపోయాయి. కొన్ని ఎండ వేడికి పగిలాయి. కొన్ని చేత్తో కదపగానే విడిపోయాయి. రెండు నెలలు కష్టపడితే చివరికి మిగిలినవి రెండే రెండు, అవీ వంకర బానలు. మాస్టారు ఇంకా చెబుతూనే ఉన్నారు, వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచి నిలబడ్డాడు. కుమ్మరి వాళ్ళబ్బాయి. ఏడాది పొడుగునా తరగతిలో నోరు విప్పని పిల్లవాడు. "పచ్చికుండని ఎండలో పెట్టకూడదండీ. నీడన ఆరాలి. ఆరినాక ఆవంలో పెట్టాలి. ఆయనకి ఎవరూ చెప్పలేదాండీ?" అన్నాడు.

"లేదురా. చెప్పేవాళ్ళెవరూ లేరు. అందుకే రెండు నెలలు పట్టింది" అన్నారు మాస్టారు.

క్రూసో ఒంటరితనం ఎంతటిదో మా తరగతికి ఆ మాటతో అర్థమైంది. నిర్జన ద్వీపం, మనిషి జాడ లేదు అని మా పుస్తకంలో పదిసార్లు చదివినా అర్థం కానిది, కుండని నీడన ఆరబెట్టాలని చెప్పే నాథుడు లేడంటే అర్థమైంది. మా పల్చటి పుస్తకం కుండను ఉంచి రెండు నెలల్ని తీసేసింది.

నేను ఇవాళ చెప్పదలచుకున్న విషయం అంతా ఇందులోనే ఉంది. పిల్లల కోసం సాహస నవలల్ని కుదించేవాళ్ళు సంఘటనల్ని భద్రంగా ఉంచుతారు. ఓడ మునుగుతుంది, ఇసుకలో పాదముద్ర కనపడుతుంది, నిధి దొరుకుతుంది. వాళ్ళ కత్తెర పడేది ఆ సాహసానికి మనిషి చెల్లించిన ఖరీదు మీద. పడిన శ్రమ, ఎదురుచూపు, భయం, చేసిన తప్పు, పోగొట్టుకున్న మనుషులు, ఇవన్నీ కథను ఆపేవిగా కనపడతాయి కాబట్టి ముందు అవే పోతాయి. అవి పోయాక మిగిలేది ప్రయాణం కాదు, ప్రయాణంలో మజిలీల పేర్లు. పిల్లల కోసం కుదించడం తప్పని నేననను. కుదింపు లేకపోతే నాలాంటి వాళ్ళకు ఆ పుస్తకాలు అసలు దక్కేవే కావు. మాటలు ఎన్నయినా తగ్గించండి, ఖరీదు తగ్గించకండి అన్నదే నా మనవి. మూడు వందల ఏళ్ళుగా ఈ విషయం ఎలా నడిచిందో కొంచెం వివరంగా చూద్దాం.

డేనియల్ డెఫో నవల 1719 ఏప్రిల్ 25న లండన్‌లో వెలువడింది. ఆ ఏడు గడవకముందే మరో ప్రచురణకర్త దాన్ని కుదించి అచ్చువేసి అమ్మకానికి పెట్టాడు. అంటే ఈ నవల వయసూ దాని సంక్షిప్తం వయసూ దాదాపు ఒకటే. డెఫోకి ఆగ్రహం వచ్చింది. అదే ఏడాది వెలువరించిన రెండో భాగం ముందుమాటలో, ఇలా కుదించడం దారిదోపిడీకీ ఇంటికి కన్నం వేయడానికీ తీసిపోదన్న అర్థంలో రాశాడు. ఆయన ఫిర్యాదులో గమనించవలసింది ఒకటుంది. తన పుస్తకం చిన్నదయిందని ఆయన బాధపడలేదు. క్రూసో తనలో తాను వేసుకున్న ప్రశ్నల్ని, పశ్చాత్తాపాన్ని ఒలిచేసి వట్టి కథ మిగిల్చారని బాధపడ్డాడు. తర్వాతి కాలంలో ఊరూరా తిరిగే చిల్లర వర్తకులు సూదులు, రిబ్బన్లతో పాటు ఈ కథను ఇరవై నాలుగు పేజీల చిన్న పుస్తకాలుగా అమ్మారు. పేదవాళ్ళ ఇళ్ళలో పిల్లలు మొదట చదివింది వాటినే. ఆ మేలును మనం మరవకూడదు.

1762లో రూసో 'ఎమీల్' రాశాడు. పుస్తకాల మీద పెద్ద నమ్మకం లేని ఆ తత్త్వవేత్త, తన ఊహాశిష్యుడు మొట్టమొదట చదవాల్సిన పుస్తకంగా క్రూసోను ఎంచాడు. చాలాకాలం పాటు ఆ పిల్లవాడి గ్రంథాలయమంతా ఆ ఒక్క పుస్తకమేనన్నాడు. అయితే ఒక షరతు పెట్టాడు. అనవసరమైనదంతా తీసేసి, ఓడ బద్దలవడంతో మొదలుపెట్టి, రక్షించే ఓడ రావడంతో ముగించాలని. ఐరోపాలో బాలల సంక్షిప్తాలకు ఆ షరతు దాదాపు శాసనమైపోయింది. ఇవాళ్టికీ మన పిల్లల చేతిలో ఉన్న క్రూసో చాలా వరకు రూసో చెప్పిన చోట మొదలై, రూసో చెప్పిన చోట ముగిసేదే.

ఓడ బద్దలవడంతో కథ మొదలుపెడితే ఏం పోతుందో చూడండి. అసలు ఆ ఓడ ఎక్కడికి పోతోంది? బ్రెజిల్ నుంచి ఆఫ్రికాలోని గినీ తీరానికి, బానిసల్ని తెచ్చుకోవడానికి. బ్రెజిల్‌లో క్రూసో తోటల యజమాని. తోటలకు పనివాళ్ళు చాలక, తోటి యజమానులతో కలిసి రహస్యంగా ఆ ప్రయాణం కట్టాడు. అంతకుముందే మరో సంగతి జరిగింది. క్రూసో ఒకప్పుడు తానే బానిస. మొరాకో తీరంలోని సలే రేవులో చిక్కుకుని, జూరీ అనే కుర్రవాడితో కలిసి చిన్న పడవలో తప్పించుకున్నాడు. ప్రాణానికి ప్రాణంగా తనతో వచ్చిన ఆ పిల్లవాణ్ణి, తమను కాపాడిన పోర్చుగీసు కెప్టెనుకు అరవై వెండి నాణాలకు ఇచ్చేశాడు. పదేళ్ళ తర్వాత, క్రైస్తవుడైతే, విడిచిపెడతానని కెప్టెను ఒప్పుకున్నాడట, దాంతో సమాధానపడ్డాడు. బ్రెజిల్‌లో జూరీని అమ్ముకున్నందుకు విచారించాడు కూడా. ఎందుకు? తోటలో పనికి మనిషి లేకపోయాడే అని.

డెఫో బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ ఈ నవల రాశాడని నేననడం లేదు. ఆయన కాలం వేరు, ఆయన లెక్కలు వేరు. కానీ జరిగింది జరిగినట్టు రాశాడు. బానిసల కోసం బయల్దేరిన మనిషి ఇరవై ఎనిమిదేళ్ళు దీవిలో బందీ అయ్యాడన్నది ఆ నవల వెన్నెముక. మొదటి యాభై పేజీలు కత్తిరించేసరికి పాపమంతా పోయి, తుఫాను బారినపడ్డ ఒక మంచి మనిషి మిగిలాడు. తర్వాత దీవిలో అతను కాపాడిన ఫ్రైడే ఆ మనిషి కాళ్ళ దగ్గర తల ఆనించినప్పుడు, పిల్లలకు అది కృతజ్ఞతగా మాత్రమే కనపడుతుంది. జూరీ కథ తెలిసిన పిల్లవాడు అక్కడ ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఆగడం కోసమే సాహిత్యం చదివించాలి.

ఇందుకు ఎదురుగా నిలిచే కుదింపు కూడా ఒకటుంది, అదీ పద్దెనిమిదో శతాబ్దంలోనే. కాంపే అనే జర్మన్ ఉపాధ్యాయుడు 1779లో తన పిల్లల క్రూసోను వెలువరించాడు. ఒక తండ్రి పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని సాయంత్రాలు కథ చెబుతుంటాడు, పిల్లలు మధ్యలో అడ్డుపడి ప్రశ్నలు వేస్తుంటారు. డెఫో క్రూసోకి మునిగిన ఓడలోంచి గొడ్డళ్ళు, తుపాకులు, మేకులు, తిండిగింజలు దొరికాయి. కాంపే తన రాబిన్సన్‌కు మొదట్లో అవేవీ ఇవ్వలేదు. వట్టి చేతులతో ఒడ్డుకు చేర్చాడు. కథ చిన్నదైంది, ఖరీదు పెరిగింది. నీతిబోధ ఎక్కువైన పుస్తకమే అది, అయినా అనేక భాషల్లోకి వెళ్ళింది. పిల్లలకు శ్రమ విసుగు పుట్టిస్తుందనే వాళ్ళకు ఆ పుస్తకం చరిత్రే జవాబు. డెఫో నవలలోనూ దీవిలో ఒక పలక కోసం క్రూసోకి నలభై రెండు రోజులు పట్టింది. నెలల తరబడి చెట్టు నరికి, లోపల తొలిచి పెద్ద పడవ చేశాక, నీళ్ళు వంద గజాల దూరంలో ఉన్నా దాన్ని అక్కడికి లాగలేకపోయాడు. ఈ ముక్క చెప్పినప్పుడు మా తరగతిలో ఎంత నిశ్శబ్దం పరుచుకుందో నాకిప్పటికీ గుర్తు. పాదముద్ర దగ్గర కూడా అంత నిశ్శబ్దం లేదు.

ఇప్పుడు మనకు మరీ దగ్గరగా వచ్చే ఒక ఉదాహరణ. జూల్స్ వెర్న్ సృష్టించిన కెప్టెన్ నెమో.

సముద్రం అడుగున నాటిలస్ నౌకలో తిరిగే ఆ మనిషి ఎవరో, అతను కనపడే 1870 నాటి మొదటి నవలలో చెప్పలేదు. వెర్న్ మొదట అతణ్ణి రష్యన్ సైన్యాల చేతిలో కుటుంబాన్ని పోగొట్టుకున్న పోలండ్ కులీనుడిగా అనుకున్నాడు. ప్రచురణకర్త హెట్జెల్ అభ్యంతరం చెప్పడంతో ఊరూ పేరూ చెప్పకుండా వదిలేశాడు. కొన్నేళ్ళ తర్వాత 'మిస్టీరియస్ ఐలండ్' చివర్లో ముడి విప్పాడు. నెమో భారతీయుడు. బుందేల్‌ఖండ్ రాజకుమారుడు డక్కార్. టిప్పు సుల్తాను వంశంతో చుట్టరికం ఉన్నవాడు. ఐరోపాలో చదువుకుని, 1857 తిరుగుబాటులో పోరాడి, భార్యాబిడ్డల్ని పోగొట్టుకుని, మిగిలిన అనుచరులతో సముద్రంలోకి వెళ్ళిపోయినవాడు.

ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఏమైందో చూడండి. మొదటి నవలను అనువదించిన లూయిస్ మెర్సియర్ నాలుగో వంతు దాకా వదిలేశాడు. 'మిస్టీరియస్ ఐలండ్' తొలి ఇంగ్లీషు అనువాదం కింగ్‌స్టన్ పేరుతో వచ్చింది, అందులో నెమో తన కథ చెప్పే భాగాన్ని బ్రిటిష్ పాలన మీద విమర్శ లేకుండా తిరగరాశారు. మన దేశంలోకి దశాబ్దాల పాటు దిగుమతి అయిన బాలల సంక్షిప్తాలు ఇలాంటి పాఠాల మీద ఆధారపడి తయారైనవే ఎక్కువ. 1857 కోసం సర్వం పోగొట్టుకున్న ఒక భారతీయుణ్ణి ఫ్రెంచి రచయిత సృష్టిస్తే, భారతీయ బాలలకు అతను దేశం లేని ఒక విచిత్ర మేధావిగా అందాడు. నేను నలభై ఏళ్ళు దాటాక గానీ డక్కార్ అన్న పేరు వినలేదు. విన్న రోజున మొదటి నవలలోని ఒక ఘట్టం కొత్తగా అర్థమైంది. సింహళం దగ్గర ముత్యాల కోసం నీట మునిగిన ఒక పేదవాడి మీదికి సొరచేప వస్తుంది. నెమో కత్తితో దాని మీదికి వెళ్ళి, చావు తప్పించుకుని అతణ్ణి కాపాడి, జేబులోంచి ముత్యాల సంచి తీసి అతని చేతిలో పెడతాడు. ఆ మనిషిది అణగారిన దేశం, నాదీ అదే దేశం అన్న అర్థంలో మాట్లాడతాడు. సంక్షిప్తాల్లో సొరచేప ఎప్పుడూ ఉంటుంది. ఆ మాట ఉందో లేదో మీ ఇంట్లో పుస్తకం తెరిచి చూడండి.

ట్రెజర్ ఐలండ్ గురించి క్లుప్తంగా చెబుతాను. స్టీవెన్సన్ 1881లో పత్రికలో ధారావాహికగా మొదలుపెట్టి 1883లో పుస్తకంగా తెచ్చిన ఈ నవలకు పుట్టుక ఒక పటం. వాన రోజుల్లో సవతి కొడుకుతో కలిసి గీసిన దీవి పటం. పిల్లల కోసమే రాసిన నవల కాబట్టి కుదించడానికి పెద్దగా ఏమీ ఉండదనుకుంటాం. అయినా పోయేది పోతూనే ఉంది. సముద్రపు దొంగ లాంగ్ జాన్ సిల్వర్ ఒక నావికుణ్ణి ఊతకర్ర విసిరి పడగొట్టి చంపుతుంటే, కథ చెప్పే కుర్రాడు జిమ్ పొదలో దాక్కుని చూసి స్పృహ తప్పుతాడు. అదే సిల్వర్ తర్వాత జిమ్ ప్రాణం కాపాడతాడు. ఈ రెండూ ఒకే మనిషి చేసినవేనన్న సంగతిని జీర్ణించుకోవడమే ఆ నవల పిల్లవాడికి ఇచ్చే చదువు. సంక్షిప్తాల్లో సిల్వర్ దుర్మార్గుడిగానో సరదా దొంగగానో తేలిపోతాడు. ఇక చివరి పేజీ. ఆ దీవికి ఇంకెవరు పిలిచినా పోనని, ఇప్పటికీ పీడకలల్లో సముద్రపు హోరు, చిలక అరుపు వినపడతాయని జిమ్ అంటాడు. నిధి దొరికింది, నిద్ర పోయింది. ఆ రెండు వాక్యాలకు చోటు చాలదా? ఎంత పల్చటి పుస్తకంలోనైనా చాలుతుంది.

మన బడుల్లోకి ఈ కుదించిన ఇంగ్లీషు కథలు వచ్చిన దారిని కూడా చెప్పుకోవాలి. ఢాకా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన మైకేల్ వెస్ట్, బెంగాలీ పిల్లలకు ఇంగ్లీషులో మాట్లాడటం కంటే చదవడం ముందు రావాలని వాదించాడు. ఎక్కువ వాడుకలో ఉన్న మాటల్ని ఎంచి, ఆ పరిధిలోనే వాచకాలు, కథలు రాయించే పద్ధతిని 1920ల నుంచి ప్రచారంలోకి తెచ్చాడు. 1953లో ఆయన వెలువరించిన పదాల జాబితాలో సుమారు రెండు వేల మాటలున్నాయి. అప్పటినుంచి సంక్షిప్తం ప్రయోజనం మారింది. అది భాష నేర్పే సాధనమైంది. భాష నేర్పడం మంచి పనే. చిక్కేమిటంటే కథ ప్రశ్నపత్రంలోకి వెళ్ళింది. క్రూసో ఎన్నేళ్ళు దీవిలో ఉన్నాడు అన్న ప్రశ్నకు మార్కులుంటాయి. జూరీని ఎందుకు అమ్మాడన్న ప్రశ్నకు ఉండవు.

మనకు కుదింపు పరాయి విద్య కాదు. తెలుగు సాహిత్యం కుదింపుతోనే మొదలైంది. సంస్కృత భారతం లక్ష శ్లోకాలని ప్రతీతి. నన్నయ, తిక్కన, ఎర్రన తెలుగు చేసిన భారతం సుమారు ఇరవై ఒక్క వేల పద్యగద్యాలు. తిక్కన భగవద్గీతను కొద్ది పద్యాల్లో ముగించాడు. ఏడు వందల శ్లోకాల బోధను అంత కుదించిన కవి, కీచకుడి ఇంటికి వెళ్ళవలసిన ద్రౌపది వేదనను కుదించలేదు. రాయబారానికి ముందు కృష్ణుడి ఎదుట తన జుట్టు చూపిస్తూ ఆమె పలికిన పలుకుల్ని కుదించలేదు. యుద్ధం ముగిశాక గాంధారి శోకాన్ని కుదించలేదు. ఏది తగ్గినా యుద్ధానికి మనుషులు చెల్లించింది తగ్గకూడదని తిక్కనకు తెలుసు. కుదింపు గురించి ఇంతకు మించిన పాఠం నాకు ఏ దేశపు సాహిత్యంలోనూ కనపడలేదు.

పిల్లలకు కష్టమైన సంగతులు చెప్పకూడదనే పెద్దలకు నేను మరొకటి గుర్తుచేస్తాను. మన పల్లెల్లో చంటిపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని తెల్లవార్లూ హరిశ్చంద్ర నాటకం చూశారు. ఒక రాజు కాశీ వీధిలో భార్యను, కొడుకును అమ్మకానికి పెట్టడం చూశారు. కాటి సీను చూశారు. ఆ పిల్లలు చెడిపోలేదు. భార్యాబిడ్డల్ని అమ్మిన హరిశ్చంద్రుణ్ణి భరించిన పిల్లలు, జూరీని అమ్మిన క్రూసోని భరించలేరా?

అయితే మన పురాణాలకీ ఈ నవలలకీ ఒక తేడా ఉంది. భారతాన్ని మన పిల్లవాడు ఒక్కసారి వినడు. అమ్మమ్మ దగ్గర వింటాడు, హరికథలో వింటాడు, తోలుబొమ్మల్లో చూస్తాడు, 'మాయాబజార్' చూస్తాడు, పెద్దయ్యాక పద్యం చదువుతాడు. ఒక చోట వదిలింది మరో చోట దొరుకుతుంది. క్రూసో, నెమో, జిమ్ మన పిల్లలకు ఒకే ఒక్క రూపంలో, ఒకే ఒక్కసారి దొరుకుతారు. అందుకని వాళ్ళ కథను కుదించేవాడి మీద బరువు ఎక్కువ. అతను వదిలింది మరెవ్వరూ పూరించరు.

మనవాళ్ళు ఈ నవలల్ని తెచ్చుకున్న తీరులో కూడా గొప్ప వైవిధ్యం ఉంది. స్విఫ్ట్ 1726లో రాసిన గలివర్ యాత్రలు నాలుగు. పిల్లల పుస్తకాల్లో సాధారణంగా మిగిలేవి మొదటి రెండే, మరుగుజ్జులు, మహాకాయులు. వ్యంగ్యం ముదిరిన చివరి రెండూ పోతాయి. కందుకూరి వీరేశలింగం గారు సరిగ్గా ఎదురు దారి పట్టారు. ఆ నవల ఒరవడిలో 'సత్యరాజా పూర్వదేశ యాత్రలు' రాస్తూ వింతను వాహనం చేసుకుని విమర్శను ముందుకు తెచ్చారు. ఆడుమళయాళంలో స్త్రీలు ఏలుతారు, మగవాళ్ళు ఇంట్లో అణిగి పడి ఉంటారు. స్త్రీలకు మనం చేస్తున్నది మగవాళ్ళకు జరిగితే ఎలా ఉంటుందో చూపించారు. స్విఫ్ట్ ఆయుధాన్ని మొద్దుబారనివ్వని తెలుగు రచయిత ఆయన.

1947 జూలైలో పుట్టిన చందమామ మరో దారి వేసింది. హోమర్ ఒడిస్సీని 'రూపధరుడి యాత్రలు'గా ఇచ్చింది. దాసరి సుబ్రహ్మణ్యం గారు 'తోకచుక్క', 'కంచుకోట', 'రాకాసిలోయ' వంటి సొంత ధారావాహికలతో రెండు మూడు తరాల పిల్లల్ని అడవుల్లో, దుర్గాల్లో తిప్పారు. చిత్ర గారి బొమ్మలు ఆ అడవులకు లోతునిచ్చాయి. అక్కడ భాష తేలిక, అధ్యాయం చిన్నది. కానీ తర్వాతి అధ్యాయానికి నెల ఆగాలి. ఆ ఎదురుచూపు ప్రయాణానికి నిడివినిచ్చింది. కథ చిన్నదైనా ప్రయాణం పొడుగైంది.

నండూరి రామమోహనరావు గారు 1950లలో ఆంధ్ర వారపత్రికకు టామ్ సాయర్‌ను, హకల్‌బెరీ ఫిన్‌ను తెలుగు చేశారు. ట్రెజర్ ఐలండ్ ఆయన చేతిలో 'కాంచన ద్వీపం' అయింది. బాపు బొమ్మలతో ఆ మిసిసిపీ కుర్రాళ్ళు మన గోదావరి ఒడ్డు పిల్లలకు స్నేహితులయ్యారు. హక్ కథలో కుదించేవాడికి పరీక్ష పెట్టే చోటు ఒకటుంది. పారిపోయిన బానిస జిమ్‌ను పట్టిస్తూ హక్ ఉత్తరం రాస్తాడు. రాశాక మనసు తేలికపడుతుంది. అప్పుడు తెప్ప మీద జిమ్‌తో గడిపిన రాత్రులు గుర్తొస్తాయి. నరకానికి పోయినా సరేననుకుని ఉత్తరం చింపేస్తాడు. తనకు నేర్పిన ధర్మం ప్రకారం తాను పాపం చేస్తున్నానని ఆ పిల్లవాడు నిజంగా నమ్ముతాడు. ఆ నమ్మకం తీసేసి, హక్ మంచివాడు కాబట్టి స్నేహితుణ్ణి కాపాడాడు అని రాస్తే వాక్యం చిన్నదవుతుంది, హక్ మాయమవుతాడు.

మాస్టారు ఈ పుస్తకాలన్నీ చదివారు. ఆయన కన్నుమూశాక వారి అమ్మాయి నాకు ఏడు నోటుబుక్కులు చూపించారు. రూళ్ళ నోటుబుక్కులు, నీలం సిరా. కుడి పేజీలో శనివారం చెప్పబోయే కథ, నోటితో చెబితే నలభై నిమిషాలు పట్టేంత. ఎడమ పేజీ పైన ఒక మాట: 'వదిలినవి'. ఆ కింద ఆ వారం తాను ఏం విడిచిపెట్టారో ఒక్కొక్కటిగా రాసుకున్నారు. బ్రెజిల్ తోటల లెక్కలు. రెండో తుఫాను. ప్రార్థనలు కొన్ని. ఒక చోట 'జూరీ' అని రాసి, కొట్టేసి, బాణం గుర్తుతో కుడి పేజీకి తెచ్చుకున్నారు. ఏది వదులుతున్నానో తెలిసి వదిలిన మనిషి ఆయన.

మన భాషలో పిల్లల కోసం సంక్షిప్త నవలలు వేస్తున్న ప్రచురణకర్తలకు, వాటిని రాస్తున్న మిత్రులకు ఈ వేదిక మీది నుంచి చేతులు జోడించి ఒక విన్నపం చేస్తున్నాను. కథ తిరగ చెప్పినవారి పేరు అట్ట మీద వెయ్యండి, చాలా పుస్తకాల్లో అది లేదు. ఏ మూలపాఠాన్ని ముందు పెట్టుకుని కుదించారో చెప్పండి. పుస్తకం చివర ఒక్క పేజీ కేటాయించి, పైన 'వదిలినవి' అని రాసి, మీరు వదిలిన సంగతుల్ని పిల్లలకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. ఒక్క పేజీకి అయ్యే కాగితం ఖర్చు ఏపాటిది? ఆ పేజీ చదివిన పిల్లవాడు లావు పుస్తకం ఎక్కడుందని అడుగుతాడు. అప్పుడు చూపించడానికి మన బడుల్లో, శాఖా గ్రంథాలయాల్లో ఆ లావు పుస్తకం ఉండేలా చూడటం ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల వంతు.

మాస్టారి నోటుబుక్కులు ఏడూ ఇవాళ వారి కుటుంబం ఇక్కడికి తెచ్చింది. సభ అయ్యాక వేదిక పక్కన బల్ల మీద ఉంచుతారు. పిల్లల్ని ముందు వెళ్ళనివ్వండి, పేజీలు తిప్పి చూడనివ్వండి. సెలవు.